జైలు కూడు కన్నా తక్కువ: దాదాభాయి అడిగిన లెక్క

గ్రూప్స్‌కు చదువుకునే తమ్ముళ్లను, చెల్లెండ్లను దాదాభాయి నౌరోజీ ఎవరని అడిగితే టక్కున చెప్తరు. భారత కురువృద్ధుడు, సంపద తరలింపు సిద్ధాంతం, బ్రిటిష్ పార్లమెంటుకు గెలిచిన మొదటి భారతీయుడు. మూడు బిట్లు, మూడు మార్కులు. పేజీ తిప్పేస్తరు. నేను కూడా చాన ఏండ్లు గంతే అనుకున్న. పదో తరగతి కాంగనే బడి బందు పెట్టి మార్కెట్ యార్డుల హమాలీ పనికి పోయినోన్ని. కోటు, టోపీ పెట్టుకున్న ఆ ముసలాయనతోని నాకేం పని అనుకున్న.

పని పడ్డది. పదిహేనేండ్ల కింది ముచ్చట. మా పక్కూర్ల ఉపాధి హామీ పనికి పోయిన ఆడోళ్లు కైకిలి తక్కువ పడ్డదని మొత్తుకుంటుంటె, వాళ్లెంబడి నేను కూడా సభకు పోయిన. అక్కడ కూసున్న సారు కాయితం చూసి, మండలం మొత్తం మీద సగటు కూలి మంచిగనే పడ్డది గదా, మీకేం తక్కువైంది అన్నడు. ఆడోళ్లు ఏం చెప్పాల్నో తెల్వక ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. నాకు కూడా నోట మాట రాలే. సగటు మంచిగుంటె వీళ్ల చేతిల పైసలు ఎందుకు తక్కువున్నయి? ఆ రాత్రి నిద్ర పట్టలే. తర్వాత పాత పుస్తకాలు ఎతుక్కుంట చదువుతుంటె తెలిసింది, ఇదే సవాలు 150 ఏండ్ల కింద ఒక లెక్కల పంతులు బ్రిటిష్ సర్కారును అడిగిండని. ఆ పంతులే దాదాభాయి.

1825 సెప్టెంబర్ 4న ఒక పేద పార్సీ పూజారి ఇంట్ల పుట్టిండు. బొంబాయిల పెరిగిండు. నాలుగేండ్ల పోరడున్నప్పుడే నాయిన కాలం చేసిండు. తల్లి మానెక్‌బాయికి సదువు రాదు. మళ్ల పెండ్లి చేసుకోకుంట, ఉన్న ఒక్క కొడుకును కష్టపడి సాదింది. ఆ కాలపు ఆనవాయితీ ప్రకారం 11 ఏండ్లకే ఆయనకు పెండ్లి చేసిన్రు. పిల్ల గుల్‌బాయికి 7 ఏండ్లు.

అప్పట్ల బొంబాయిల ఫీజు లేకుంట సదువు చెప్పే బడి ఉండె. అదే లేకపోతె దాదాభాయి సదువు అక్కడ్నే ఆగిపోతుండె. ఈ ముచ్చట ఆయన జిందగీల మర్వలే. తన సదువుకు పెట్టిన పైసలు పేదోళ్లవి, గందుకే తను వాళ్లకు బాకీ ఉన్నడని నమ్మిండు. ఇంగ్లండ్ పంపి బారిస్టర్ చేయిద్దాం, సగం ఖర్చు నేను పెట్టుకుంట అని ఒక పెద్ద జడ్జి ముందుకొచ్చిండు. పోరడు మతం మారుతడేమో అని పార్సీ పెద్దమనుషులు అడ్డం పడ్డరు. వకీలు కావల్సినోడు లెక్కల పంతులు అయిండు. నన్నడిగితే అదే మంచిగైంది.

ఎల్ఫిన్‌స్టన్ కాలేజిల లెక్కలు, భౌతిక శాస్త్రం చెప్పే ప్రొఫెసర్ కుర్చీల కూసున్న మొదటి భారతీయుడు ఆయనే. అప్పటికి 30 ఏండ్లు కూడా లేవు. 1849ల దోస్తులతోని కలిసి ఆడపిల్లలకు బడులు తెరిచిండు. పైస జీతం లేకుంట పొద్దుగాల పొద్దుగాల పోయి సదువు చెప్పేటోళ్లు. ఆడపిల్లకు అక్షరాలు ఎందుకని తిట్టినోళ్లు బొంబాయిల మస్తు మందే. 1851ల గుజరాతీల రాస్త్ గోఫ్తార్ అని పత్రిక పెట్టిండు. నిజం చెప్పేటోడు అని దాని అర్థం.

1855ల వ్యాపారం పని మీద లండన్ పోయిండు. అక్కడ కామా అనే పార్సీ కంపెనీల భాగస్తుడు. ఇంగ్లండ్ల భారతీయులు పెట్టిన మొదటి కంపెనీ అది. నల్లమందు, సారా వ్యాపారం తన మనసుకు పడదని మూడేండ్లకు బయటికొచ్చిండు. తర్వాత సొంతంగ పత్తి వ్యాపారం పెట్టిండు. కొన్నేండ్లకు అది కూడా దెబ్బతిన్నది. పైసలు సంపాదించుడుల మన తాత అంత గట్టోడేం కాదు. అయితే పైస ఎక్కడ పుడ్తది, ఎవరి చేతుల మీదికెళ్లి పోతది, ఆఖరుకు ఎక్కడ చేరుతది అనేది మాత్రం లండన్ గోదాముల కూసొని కండ్లార చూసిండు. తర్వాత ఆయన పట్టుకున్న దారి ఈ చూపుల్నుంచే పుట్టింది.

1866ల ఒరిస్సా కరువొచ్చింది. మన తెలుగోళ్లున్న గంజాం దాక ఆ కరువు పాకింది. 10 లక్షల మంది దాక ఆకలికి పోయిన్రు. ఒరిస్సాల మూడింట ఒక వంతు జనం తుడిచిపెట్టుకపోయింది. ఆ ఏడే లండన్ల దాదాభాయి ఈస్ట్ ఇండియా అసోసియేషన్ పెట్టిండు. 1867 మే నెలల ఆ సంఘం ముందు ఒక పెద్ద వ్యాసం చదివిండు. భారతదేశంల వసూలయ్యే పన్నులల్ల దగ్గర దగ్గర పావు వంతు ఇంగ్లండ్‌కు పోతున్నది, మళ్ల వస్త లేదు అని అండ్ల తేల్చి చెప్పిండు.

ఇది ఎట్ల అర్థం చేసుకోవాల్నో ఊరి భాషల చెప్త. ఊర్ల ఇంటి పన్ను, నీళ్ల పన్ను వసూలైతది. అదే పైసలు ఊర్ల మోరీ కట్టుడుకు, బడి సున్నానికి, సఫాయి కార్మికుని జీతానికి పెట్టిన్రనుకో. సఫాయి ఆయన ఆ జీతంతోని ఊరి దుకాణంలనే ఉప్పు, పప్పు కొంటడు. దుకాణపాయన ఊరి రైతు దగ్గర్నే కూరగాయలు తీసుకుంటడు. పైస ఊర్లనే తిరుగుతది, తిరిగిన కొద్ది పని పుట్టిస్తది. అట్ల కాకుంట, వసూలైన దాంట్ల పావు వంతు ఏటా వేరే దేశం పోయి మళ్ల మొఖం చూపియ్యకపోతే? ఇంగ్లీషు అఫ్సర్ల జీతాలల్ల మిగిలింది, వాళ్ల పింఛన్లు, లండన్ల నడిచే ఇండియా ఆఫీసు ఖర్చు, రైళ్ల కోసం తెచ్చిన అప్పులకు మిత్తి, మన గడ్డ మీది కాని యుద్ధాల ఖర్చు, అన్నీ మన రైతు కట్టిన శిస్తులకెళ్లే పోయేటియి. చెరువు కట్టకు గండి పడ్డట్టే. పైనుంచి ఎంత వరద వచ్చినా ఆయకట్టుకు నీళ్లు అందవు.

అప్పుడు తెల్ల సర్కారు ఏం చెప్పేదో తెలుసా? రైళ్లు పడుతున్నయి, ఎగుమతులు ఏటేటా పెరుగుతున్నయి, ఇండియా మస్తు ఎదుగుతున్నదని. ఇయ్యాల మనం అభివృద్ధి రేటు అని టీవీల ఇంటున్నం గదా, దానికి తాత ముచ్చట అది. దాదాభాయి ఆ లెక్కనే తిరగేసిండు. ఒక దేశం నుంచి సరుకు మస్తుగ బయటికి పోయి, దానికి సరిపడ సరుకు గానీ పైస గానీ తిరిగి రాకపోతె దాన్ని ఎదుగుడు ఎట్ల అంటరని అడిగిండు.

అడిగి ఊకోలే. దేశంల మనిషి తలకు ఏడాదికి ఎంత పుడుతున్నదో లెక్క కట్టుడు మొదలువెట్టిండు. అంతకు ముందు ఈ పని ఇంత పట్టుగ చేసినోళ్లు లేరు. సర్కారు దగ్గర లెక్కలు అడిగితే సగం ఇయ్యకపోదురు, ఇచ్చినయి కూడా తప్పుల తడకలు. ఆ తప్పులల్ల ఒకటి మీకు తప్పక చెప్పాలె. ఆ రోజు సభల నా నోరు మూయించింది అదే తప్పు.

ఒక మండలంల రెండు ఊర్లున్నయనుకుందం. ఒక ఊర్ల చెరువు కింద 100 ఎకరాల పొలం, ఎకరాకు 30 బస్తాలు పండుతది. ఇంకో ఊర్ల 900 ఎకరాల చెల్క, ఎకరాకు 6 బస్తాలు. సర్కారు గుమాస్తా ఏం చేస్తడు? 30కి 6 కలిపి, రెండుతోని భాగించి, మండలం సగటు 18 బస్తాలని రాస్తడు. అసలు లెక్క కట్టు. పొలంల 3,000, చెల్కల 5,400, మొత్తం 8,400 బస్తాలు. 1,000 ఎకరాలకు పంచితే ఎకరాకు 8 బస్తాల మీద జరంత. 18 ఎక్కడ, 8 ఎక్కడ! కాయితం మీద పది బస్తాలు ఊరికెనే పుట్టినయి. బ్రిటిష్ రిపోర్టులల్ల సగట్లు ఇట్లనే ఉండేటియి. ఏ జిల్లాల ఎన్ని ఎకరాలున్నయో చూడకుంటనే కలిపి భాగించేటోళ్లు. లెక్కల పంతులు ఆ దొంగ సగటును పట్టుకున్నడు. ఒక్కొక్క ప్రాంతంల నీళ్ల కింద ఎంత భూమి, వాన మీద ఎంత భూమి, ఏ పంట, ఎంత దిగుబడి, ఏం ధర అని మొదటికెళ్లి కట్టుకుంట వచ్చిండు.

ఆఖరుకు తేలింది ఏందంటె: పంటలు, ఉప్పు, గనులు, చేతి పనులు అన్నీ కలిపి, మీదికెళ్లి ఇంకింత ధారాళంగ వేసినా కూడా ఏడాదికి 34 కోట్ల పౌండ్లు. బ్రిటిష్ ఇండియా జనం 17 కోట్లు. తలకు 2 పౌండ్లు. అంటె అప్పటి మన పైసలల్ల 20 రూపాయలు. ఏడాది మొత్తానికి. 1867-68 నాటి ధరల లెక్క ఇది. అండ్ల మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న సర్కారు జిల్లాలు, రాయలసీమ ఉన్నయి. మన తెలంగాణ నిజాం కింద ఉండె కాబట్టి ఆ లెక్కల లేదు.

20 రూపాయలు అంటె అప్పట్ల ఎక్కువనా తక్కువనా? అంకె ఒక్కటే చూస్తె తెల్వదు. ఇక్కడ్నే తాత ఎంత తెలివైనోడో కనబడ్తది. మనిషి బతకాల్నంటె ఎంత కావాల్నో తను చెప్పలే. తను చెప్తె సర్కారు కాదంటది. గందుకని సర్కారు కాయితమే పట్టుకున్నడు. అప్పట్ల మన దేశం కూలీలను ఓడలల్ల మారిషస్‌కు, ఇంకా ఎక్కడెక్కడికో తోలుతుండె. వాళ్లల్ల మన తెలుగు కూలీలు కూడ ఎందరో ఉన్నరు. ఓడల ఏ పనీ చెయ్యకుంట కూసున్న కూలీ సావకుంట ఉండాల్నంటె రోజుకు ఎంత బియ్యం, పప్పు, కూరగాయ, నూనె, ఉప్పు కావాల్నో కూలీలను పరీక్ష చేసే సర్కారు డాక్టరు ఒక పట్టిక రాసిండు. దాదాభాయి ఆ పట్టికకు ఊరి ధరలు కట్టిండు. ప్రాంతాన్ని బట్టి మనిషికి ఏడాదికి 16 రూపాయల నుంచి 35 రూపాయల దాక అయింది. ఉత్త తిండికి! బట్ట లేదు, ఇల్లు లేదు, పెండ్లి లేదు, సావు లేదు, మందు గోలి లేదు.

ఇంకో కాయితం కూడా తీసిండు. జైళ్ల రిపోర్టులు. ఒక్కో ఖైదీకి కూడు, బట్ట కోసం సర్కారు ఎంత పెడుతున్నదో అండ్ల రాసి ఉంటది. చూస్తె, దొంగతనం చేసి జైల్ల పడ్డోని మీద సర్కారు పెట్టే ఖర్చు, బయట దున్ని పండించే మనిషి తలకు వచ్చే దాని కన్నా ఎక్కువున్నది. ఈ తేడా బాగ కనబడ్డ ప్రాంతాలల్ల మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. మన దేశంల మొట్టమొదటి పేదరిక రేఖ గీసింది ఇట్లనే. మీ పుస్తకాలల్ల జైలు జీవన వ్యయం అని ఒక్క లైన్ల రాస్తరు. ఆ లైను ఎనుక ఉన్నది ఇది: నీ జైల్ల ఖైదీ తినేంత కూడన్న నీ రైతుకు దొరుకుతున్నదా అని ఒక పంతులు రాజ్యాన్ని నిలదీసుడు.

పైగా ఆయన ఇంకో మాట మర్వలే. 20 రూపాయలనేది సగటు. దాంట్ల రాజులు, జమీందార్లు, తెల్ల అఫ్సర్లు, షావుకార్లు అందరున్నరు. వాళ్లు తమ వాటాకు మించి తీసుకుంటె, మిగిలినోనికి 20 కూడ రావు. సగటు చూసి పేదోని కడుపు నిండిందనుకోవద్దని అన్నడు.

ఈ లెక్కలన్ని కలిపి 1876 ఫిబ్రవరిల, మళ్ల ఏప్రిల్ల బొంబాయిల సభ ముందు చదివిండు. ఆ ఏడే వానలు మొఖం చాటేసినయి. ధాత కరువొచ్చింది. రాయలసీమల ముసలోళ్ల నోట్లె ఆ పేరు ఇప్పటికీ ఉన్నది. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఎండిపోయినయి. ఇయ్యాలటి అనంతపురం అప్పుడు బళ్లారి జిల్లాలనే ఉండె. 1876 నుంచి 1878 దాక దక్షిణాదిల, పడమటి దిక్కుల కలిపి 50 లక్షలకు పైగా జనం సచ్చిపోయిన్రు. కరువు పని కాడ రాళ్లు కొట్టే కూలీకి రోజుకు పౌను గింజలు, మీద జరన్ని పైసలు ఇస్తె సాలని రిచర్డ్ టెంపుల్ అనే అఫ్సర్ కోత పెట్టిండు. పౌను అంటె అర కిల కన్నా తక్కువ. అప్పుడు కూడ రైళ్లు నడిచినయి, రేవుల నుంచి గోధుమలు ఇంగ్లండ్ పోయినయి. ఎగుమతి పద్దు చూస్తె దేశం మంచిగనే ఉన్నది. తాత చదివిన లెక్క పుస్తకంల సిరా ఆరకముందే నిజమై కూసున్నది.

అంతకు ముందే 1874ల బరోడా సంస్థానంల దివానుగ పోయి, లంచగొండుల మీద పడి, ఇమడలేక ఏడాది తిరగకముందే రాజీనామా ఇచ్చిండు. రాజు కొలువుల ఉండి చెయ్యగలిగింది తక్కువని తెలిసొచ్చింది. ఇగ చట్టాలు చేసే కాడికే పోవాల్ననుకున్నడు. 1886ల లండన్ల హోల్‌బోర్న్ నుంచి పార్లమెంటుకు నిలబడి ఓడిపోయిండు. ఆ ఏడే కలకత్తాల కాంగ్రెస్ సభకు అధ్యక్షుడైండు. 1888ల ఇంగ్లండ్ ప్రధాని సాలిస్‌బరీ నిండు సభల ఆయన్ను నల్లోడని తక్కువ చేసి మాట్లాడిండు. ఆ మాటతోని ఇంగ్లండ్లనే మస్తు మంది దాదాభాయి దిక్కు తిరిగిన్రు. 1892ల సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి లిబరల్ పార్టీ తరఫున గెలిచిండు. మెజారిటీ పది ఓట్లు కూడా లేదు! అయినా గెలుపు గెలుపే.

67 ఏండ్ల వయసుల, మన పల్లెల ఆకలిని తీసుకపోయి ఆ పార్లమెంటుల పెట్టిండు. సివిల్ సర్వీసు పరీక్ష లండన్లనే కాదు, ఇండియాల కూడా ఒకేసారి పెట్టాల్నని 1893ల తీర్మానం నెగ్గించిండు. సర్కారు దాన్ని అమలు చెయ్యలే. కొలువుల ముచ్చట అని తేలికగ తీసుకోకున్రి. తెల్ల అఫ్సర్ జీతం, పింఛను దేశం దాటి పోతయి, మనోడు కూసుంటె ఆ పైస ఇక్కడ్నే తిరుగుతది అనేది ఆయన లెక్క. అదే 1893ల ఆయన ఒక్కగానొక్క కొడుకు, డాక్టరైన అర్దేశిర్, కన్నుమూసిండు. దుఃఖం దిగమింగి మళ్ల పనిల పడ్డడు. 1895 ఎలక్షన్ల ఓడిపోయిండు. అయినా అదే ఏడు ఇండియా ఖర్చుల మీద వేసిన రాయల్ కమిషన్‌ల మెంబరుగ కూసొని ఒక్కో పద్దు తవ్విండు.

ఆయన లెక్క సర్కారుకు ముల్లులెక్క గుచ్చుకున్నది. గందుకే వాళ్లు కూడా లెక్కలు కట్టిన్రు. 1882ల బేరింగ్, బార్బర్ అనే అఫ్సర్లు తలకు 27 రూపాయలన్నరు. 1901ల వైస్రాయి కర్జన్ 30 అన్నడు. చూసిన్రా, పెరిగింది, ఎదిగింది అని చంకలు గుద్దుకున్నరు. ఇక్కడ ఒక ముచ్చట గమనించాలె. అంకె 20 నా, 30 నా అనేది అట్లుంచు. రాజ్యం మొదటిసారి మనిషి తలకు ఎంత వస్తున్నదో జవాబు చెప్పక తప్పని స్థితిల పడ్డది. అడిగినోడు లేకపోతె ఆ లెక్క కట్టేటోడే లేడు.

1901ల తన జిందగీ లెక్కలన్ని కలిపి ఇండియా పేదరికం మీద పెద్ద పుస్తకం అచ్చేసిండు. 1904ల, దగ్గర దగ్గర 80 ఏండ్ల వయసుల, ఆమ్‌స్టర్‌డ్యామ్‌ల జరిగిన ప్రపంచ సోషలిస్టుల సభకు పోయిండు. కార్మికుల బిడ్డలు లేచి నిలబడి ఆ ముసలాయనకు గౌరవమిచ్చిన్రు. 1906ల కలకత్తా కాంగ్రెస్‌ల మూడోసారి అధ్యక్షునిగ కూసొని, మనకు కావల్సింది స్వరాజ్యమని చెప్పిండు. 40 ఏండ్లు అర్జీలు పెట్టిన మనిషి, తెల్లోని న్యాయబుద్ధి మీద ఆశ పెట్టుకున్న మనిషి, ఆఖరుకు తన లెక్కలు చెప్పిన కాడికే వచ్చిండు. తాళం చెవి పరాయోని చేతిల ఉన్నంత కాలం గండి పూడదు. 1917 జూన్ 30న, 91 ఏండ్లకు కాలం చేసిండు.

ఇగ ఆయన్ను దేవున్ని చేసి ఫోటోకు దండెయ్యమని నేను చెప్తలేను. కొదువలున్నయి. బ్రిటిషోళ్లు నిజంగ న్యాయవంతులని, వాళ్లకు సరిగ చెప్తె మారుతరని చాన ఏండ్లు నమ్మిండు. ఆ నమ్మకం మీద సగం జిందగీ పోయింది. ఇంకొకటి నాకు మరీ గుచ్చుకునేది. దేశం నుంచి బయటికి పోయే ముల్లెను పైస పైస పట్టుకున్న మనిషి, ఊరి లోపల దొర గడీలకు పోయే ముల్లెను అంత పట్టుగ పట్టుకోలే. జీతగాని వాటా, మాల మాదిగల వాటా, ఆడోళ్ల కైకిలి వేరే వేరేగ తీసి లెక్క కట్టలే. ఆ పని మనకు ఇడిసిపెట్టి పోయిండు అనుకుంట.

ఆ పని ఇప్పటికీ బాకీ ఉన్నది. 2011ల ఢిల్లీల ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు ఏం చెప్పిందో యాది చేసుకోన్రి. ఊర్ల రోజుకు 26 రూపాయలు, పట్నంల 32 రూపాయలు ఖర్చు పెట్టగలిగినోడు పేదోడు కాదన్నరు. దేశమంత నవ్వింది, తిట్టింది. దాదాభాయి ఓడ కూలీ పట్టికకు ఆ రేఖకు పెద్ద దూరం లేదు. సావకుంట ఉండుడుకు ఎంత కావాలె అనేదే రెండు కాడ్ల లెక్క. మనిషిలెక్క బతుకుడుకు ఎంత కావాలె అనే సవాలు రెండు కాడ్ల లేదు. తేడా ఒక్కటే. దాదాభాయి ఆ తక్కువ రేఖను రాజ్యం సిగ్గు బయట పెట్టనీకి వాడిండు. మనోళ్లు పేదల సంఖ్య తగ్గించనీకి వాడిన్రు.

సగటు మాయ కూడ అట్లనే ఉన్నది. మన తెలంగాణ తలసరి ఆదాయం దేశంల ముందు వరుసల ఉన్నదని ప్రతి ఏడు చెప్తరు. అబద్ధం కాదు. అయితే జిల్లాల వారీగ చూడున్రి. ఐటీ కంపెనీలున్న రంగారెడ్డి ఎక్కడ్నో ఆకాశంల ఉంటది. చాన జిల్లాలు దాంట్ల మూడో వంతుకు కూడా రావు. ఆ రంగారెడ్డిలనే గచ్చిబౌలి గ్లాసు బిల్డింగు పైస, ఊర్ల పత్తి ఏరే అక్క పైస కలిపి భాగిస్తరు. ఆ సగటు అక్క చేతికి రాదు.

మన ఒక్కల ముచ్చట కూడ కాదు. ఆఫ్రికాల, ఆసియాల ఎన్నో పేద దేశాలు తెచ్చిన అప్పులకు మిత్తి కట్టుకుంటనే అలిసిపోతున్నయి. ఆరోగ్యానికి గానీ సదువుకు గానీ పెట్టేదాని కన్నా మిత్తికి ఎక్కువ పోయే దేశాలల్ల 300 కోట్లకు పైగా జనం ఉన్నరని 2023ల ఐక్యరాజ్యసమితి చెప్పింది. జెండాలు మారినయి, గండి మారలే. అట్లని ఎదుగుదల వద్దని నేను అంటలేను. పంట పెరగాలె, ఫ్యాక్టరీ రావాలె, కొలువులు పుట్టాలె. లేకుంటె పంచనీకి ఏముంటది? పుట్టింది ఎవరి కంచంల పడుతున్నదో అడుగుడు కూడ అభివృద్ధిల భాగమే అంటున్న.

దాదాభాయి లెక్క చదివిన 130 ఏండ్లకు, 2006 ఫిబ్రవరి 2న, ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిల మొదలైంది. ధాత కరువుల పౌను గింజలకు రాళ్లు కొట్టిన సీమ అది. అప్పుడు కూలీ రాజ్యం దయ మీద బతికిండు. ఇప్పుడు చట్టం పని అడిగే హక్కు ఇచ్చింది, దాంతోటే లెక్క అడిగే హక్కు కూడ ఇచ్చింది. సామాజిక తనిఖీ అంటె అదే. ఊరి మధ్యల పద్దులు చదివి వినిపియ్యాలె. దేశంల ఆ పని ముందుగాల గట్టిగ చేసి చూపెట్టినోళ్లల్ల మన తెలుగు జిల్లాలోళ్లు ఉన్నరు.

తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, మీ చేతిల ఫోనున్నది. దాదాభాయి ఒక్క జిల్లా రిపోర్టు కోసం నెలల కొద్ది ఎదురు చూసిండు, మీకు ఊరి పద్దులు వేలి కొసల దొరుకుతయి. ఈసారి ఎవరన్న మీకు పెద్ద అంకె చెప్పి చప్పట్లు కొట్టమంటె మూడు ముచ్చట్లు అడుగున్రి. ఈ అంకెను ఎంత మందితోని భాగించిన్రు? సగటు పక్కకు పెడితే, అందరికన్న కిందున్న మనిషికి ఎంత వచ్చింది? మిగిలింది ఎక్కడికి పోయింది?

మా పక్కూరి ఆడోళ్ల ముచ్చట చెప్పి ముగిస్త. మలి ఏడు సభకు మేం మొత్తుకునుడుకు పోలే. జాబ్ కార్డులన్ని ముందేసుకొని, ఎవరెన్ని రోజులు పనికి పోయిన్రు, ఎవరికెంత పడ్డది అని పేరు పేరునా ఒక నోటు బుక్కుల రాసుకొని పోయినం. రాసింది మా చెల్లె వరుసయ్యే ఇంటర్ చదివే పిల్ల. సారు మళ్ల సగటు ముచ్చట తీయవొయ్యిండు. ఆ పిల్ల లేచి పేర్లు చదువుడు మొదలువెట్టింది. పదో పేరు కాడికి వచ్చేసరికి సారు కళ్లద్దాలు తీసి, ఆ బుక్కు ఇటియ్యమని అడిగిండు. కొందరికి బాకీ పైసలు పడ్డయి, కొందరికి ఇప్పటికీ పడలే. నోటు బుక్కు మాత్రం ఇంకా ఆ పిల్ల దగ్గర్నే ఉన్నది, ప్రతి ఏడు కొత్త పేజీ పడుతున్నది.